దిండుకి మోకాళ్లు ఉండవు

మా పడవలో నేను చాలాసార్లు నీళ్లలో పడ్డాను. పడిన ప్రతిసారీ మా ఆయన నన్ను కాపాడారు.

నేనంటే నేను కాదు, ఒక దిండు. చుక్కాని దగ్గర బల్ల మీద వేసుకుని కూర్చునే నారింజరంగు దిండు. నీళ్లు పీల్చుకోని రకం, రెండు చివర్లా చేతులు దూర్చుకోవడానికి పట్టీలు. సముద్రం కాస్త ఖాళీగా, గాలి కాస్త బుద్ధిగా కనిపిస్తే చాలు, ఆయన నన్ను లేవమని, ఆ దిండు తీసి వెనక్కి విసిరేసి, "ఇదిగో, నువ్వు పడ్డావ్" అనేవారు.

అప్పుడు నా పనల్లా వేలు చాచి దిండువైపు చూపిస్తూ నిలబడడం. తల తిప్పకూడదు, మాట్లాడకూడదు. అలల మధ్య మనిషి తల బంతి అంత కూడా కనిపించదు, ఒక్కసారి చూపు తప్పిందంటే ఇక దొరకదు అనేవారు. ఆయన చుక్కాని తిప్పి, తెరచాపలు సర్ది, పడవ ముక్కును గాలికి ఎదురుగా తెచ్చి, సరిగ్గా దిండు పక్కన వేగం చచ్చిపోయేలా ఆపేవారు. కొక్కెం కర్రతో పట్టీని అందుకుని పైకి లాగి, నీళ్లు విదిలించి, నా పక్కన పెట్టి, "బతికిపోయావ్" అనేవారు. నేను నా పక్కన కూర్చుని, నేను బతికినందుకు సంతోషించేదాన్ని.

ఒకసారి అడిగాను, ఎప్పుడూ నేనే పడాలా, ఒక్కసారి మీరు పడకూడదా అని.

"నేనెందుకు పడతానోయ్?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

పోనీ, నేను పడ్డప్పుడే నన్ను నేను కాపాడుకుంటాను, చుక్కాని ఇవ్వండి అన్నాను. ఈసారి చూద్దాం అన్నారు. ఆయన నోట్లో "ఈసారి" అంటే ఏమిటో కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది.

అంత నమ్మకం ఎక్కడిదంటే ఉద్యోగం వల్ల వచ్చింది. ఆయన ఓడలకు బీమా చేసే కంపెనీలో సర్వేయరు. ఎక్కడ ఏ పడవ మునిగినా, ఎవరు సముద్రంలో పడిపోయినా, ఎందుకు జరిగిందో చూసి రావడం ఆయన పని. మిగతా ఇళ్లలో భర్తలు ఆఫీసు రాజకీయాలు చెబుతూ భోంచేస్తారట. మా ఇంట్లో పళ్లెం పక్కన శవాలు తేలేవి. ఏముంది, తాడు కాలికి చుట్టుకుంది. ఏముంది, రెండు నిమిషాల పనే కదా అని నడుము పట్టీ తగిలించుకోలేదు. ప్రతి చావూ "ఏముంది"తోనే మొదలయ్యేది. వినీ వినీ నాకు ఒకటి అర్థమైంది: చనిపోయినవాళ్లందరూ ఆయన దృష్టిలో పరీక్ష తప్పినవాళ్లు. ఆయన దిద్దేవారు.

ఉద్యోగం అయిపోగానే ఇల్లు అద్దెకిచ్చి ఈ పడవ కొన్నారు. ఇద్దరు మనుషులు, ఒక తెరచాప కొయ్య, పడుకుంటే ఒకరి మోచెయ్యి ఒకరి ముక్కుకు తగిలే గది. మా వదిన, అంటే ఆయన అక్క, పడవను చూడడానికి రేవుకు వచ్చి, దాని ఒంపులూ దాని తెలుపూ చూసి, నా చెవిలో "మా తమ్ముడు నీ మీదికి సవతిని తెచ్చాడమ్మాయ్" అంది. అప్పటినుంచి ఫోను చేసినప్పుడల్లా ముందు సవతి ఎలా ఉందని అడిగి, తర్వాతే తమ్ముడి సంగతి అడిగేది. ఏం చెప్పను? సవతిని కడిగేది నేను, తుడిచేది నేను, దాని అడుగున చేరిన నీళ్లు తోడేది నేను. చూసి మురిసిపోయేది ఆయన. సవతులతో ఎక్కడైనా ఇంతే అనుకుంటాను.

కాపురం మాత్రం అదే కాపురం. పొయ్యి ఉయ్యాలలా ఊగుతుంది, దాని ముందు నేనూ ఊగుతాను. బట్టలు ఎప్పటికీ పూర్తిగా ఆరవు. పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండాలంటే కట్టెయ్యాలి. రేవుల్లో పక్క పడవలవాళ్లు ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాళ్లు, ఎందుకంటే ఎవరు తాడు కట్టినా వెళ్లి విప్పి మళ్లీ కట్టేవారు. నన్ను మాత్రం మాస్టారి భార్య అనేవాళ్లు. కాలేజీలో నేను భౌతికశాస్త్రం చదివానని ఆ రేవుల్లో ఎవరికీ తెలియదు. చదివి ఏం చేశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర కూడా ఏమీ లేదు.

మా ఇద్దరికీ పడవలో ఉన్న పెద్ద తగువు డబ్బాల గురించి. ప్లాస్టిక్ డబ్బా ఖాళీ అయితే పారెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఎర్ర మూతలవి, నీలం మూతలవి, మూత ఒక రంగూ ఒళ్లు ఒక రంగూ అయినవి, పొయ్యి కింద ఒక అర నిండా దాచాను. పిండి, చక్కెర, టీపొడి, బిస్కట్లు అన్నీ వాటిలోనే. ఆయనకు ఏదైనా పనిముట్టు దొరక్కపోతే ముందు ఆ డబ్బాలే గొడవకు దొరికేవి.

"నీ డబ్బాల బరువుకి ఒకరోజు పడవ మునుగుతుంది" అనేవారు.

"మునిగితే తేలేవి అవే" అనేదాన్ని.

ఆయన నాకు నేర్పిన నియమాలు చాలా ఉన్నాయి, వాటిలో బకెట్ నియమం ఒకటి. పడవ నడుస్తున్నప్పుడు బకెట్ ముంచి సముద్రంలోంచి నీళ్లు తోడాలనుకుంటే, బకెట్ తాడు చేతికి చుట్టుకోకూడదు. నీళ్లు నిండిన బకెట్ వెనక్కి లాగే లాగుడు మనిషి లాగుడు కాదు, అది గేదె లాగుడు. తాడు వేళ్లతో పట్టుకోవాలి, బరువు అనిపిస్తే వదిలెయ్యాలి. బకెట్ పోతే పోనీ. దీనికి ఉదాహరణగా ఆయన భోజనాల బల్ల మీదికి రెండు శవాలు కూడా తెచ్చారు.

ఆ రోజు గాలి వెనకనుంచి వీస్తోంది. ఆకాశం బూడిదరంగు, నీళ్లు అంతకన్నా చల్లటి బూడిదరంగు. తీరం వదిలి చాలా దూరం వచ్చేశాం. ఆయన పొద్దున్నే పెద్ద తెరచాపను ఒక పక్కకీ ముందు తెరచాపను ఇంకో పక్కకీ రెక్కల్లా విప్పారు. ముందుదానికి ఒక గెడ ఆసరా పెట్టి, పెద్దదాని కింది దూలం అటూఇటూ కొట్టుకోకుండా ఒక తాడుతో ముందుకు లాగి కట్టారు. చుక్కానిని యంత్రానికి అప్పగించారు. అంతా ముద్దుగా ఉంది. వేగంగా కూడా పోతున్నాం.

టిఫిను తర్వాత ఆయన గాలానికి ఒక పెద్ద చేప పడింది. పక్కనే డెక్కు మీద కోసి శుభ్రం చేశారు. రక్తం, పొలుసులు. తెల్లటి సవతి ఒంటిమీద ఆ మరకలు చూడలేకపోయారు. నేను కడుగుతానంటే వద్దన్నారు, నీకు చేతకాదని కాదు, నువ్వు టీ తాగు అన్నారు. ఆ మాటకు నేను నిజంగానే దిండు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆయన పక్క కంచె తీగల్లో రేవులో దిగడానికి వాడే చోట కొక్కెం తప్పించి, అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నారు. చుక్కాని దగ్గర మేం కూర్చునే గుంట దాటి వెళితే నడుము పట్టీ తగిలించుకోవాలన్నది ఇంకో నియమం. కానీ ఆయన సగం లోపలే ఉన్నారు కదా, అది దాటడం కింద రాదు. చేతులకు చేప జిడ్డు. బకెట్ తాడు జారుతోంది. అందుకని దాన్ని కుడి అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు.

నేను చూశాను. తాడు చేతికి చుట్టుకోకూడదని నాకెవరో మహానుభావుడు చెప్పినట్టు గుర్తు అందామని నోరు తెరిచాను. కప్పు కింద పెట్టి, కాస్త గొంతు సవరించుకుని అందామనుకున్నాను. ఇలాంటి అవకాశం నాకు అరుదు మరి. ఆలోపే బకెట్ నీళ్లలో పడింది, తాడు బిగిసింది, ఆయన తలకిందులుగా వెళ్లిపోయారు. పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఆ ఎత్తిపొడుపు ఇంకా నా దగ్గరే ఉంది.

ఆయన తల పడవ వెనకాల పైకి వచ్చింది. నేను కూర్చున్నది లాగి విసిరాను. అంటే నన్నే. అది ఆయనకు కొంచెం ఇవతల పడింది. తర్వాత జెండా కర్ర కట్టి ఉన్న రక్షక చక్రం విసిరాను, అది ఇంకా ఇవతల పడింది. ఇంతలోనే ఆయన తల ఒక అల వెనక్కి వెళ్లి, తేలి, మళ్లీ వెళ్లింది.

వేలు చాచి చూపిస్తూ నిలబడ్డాను. అదే కదా నా పని. నిలబడ్డాక తెలిసింది, నేను చూపిస్తుంటే తిప్పేవాళ్లెవరూ లేరని. తిప్పడానికి వెళితే చూసేవాళ్లు లేరు. రెక్కలు విప్పుకుని పరిగెడుతున్న పడవను అలాగే తిప్పడానికి లేదు. ముందు దూలం తాడు విప్పాలి, గెడ సంగతి చూడాలి, తెరచాపలు దించాలి. ఇన్ని రిహార్సళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఇలాంటి రోజున నన్ను పడెయ్యలేదు. నేను ఎప్పుడూ మంచి రోజు చూసుకునే పడేదాన్ని.

వేలు దించాను. ఆ రోజు నేను చేసినవాటిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

దిక్సూచిలో పడవ ఎటు పోతోందో చూసి ఆ అంకె పైకి అనుకుంటూ మెట్లు దిగాను. కింద దారి చూపే తెరమీద మనిషి పడిపోతే నొక్కే బొత్తాం ఉంది, నొక్కాను. అది ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది, కానీ నీళ్లు ఆ చోటే ఉండవు, నీళ్లతోపాటు మనిషీ ఉండడు. రేడియోలో సాయం అడిగి, మేమెక్కడున్నామో రెండుసార్లు చెప్పాను. అవతలి గొంతు చేపల పడవ ఒకటి దారి మళ్లించుకుని వస్తోందని, చాలా దూరంలో ఉందని అంది. మైకు పెట్టేస్తూ పొయ్యి కింద అర చూశాను.

డబ్బాలు ఖాళీ చేసే తీరిక లేదు. చేతికందినవి చేతికందినట్టు బుట్టలోకి దొర్లించి పైకి తెచ్చి, మొదటిది వెనక నీళ్లలో వేశాను. పిండి డబ్బా, ఎర్ర మూత. సగానికి పైగా మునిగి తేలింది. నిండు డబ్బా గాలికి పెద్దగా కొట్టుకుపోదు, మనిషిలాగే నీళ్లతోపాటు కదులుతుంది. కాలేజీలో చదివినదాంట్లో ఇదొక్కటి నాకు జీవితంలో పనికొచ్చింది. ముందు తెరచాపను చుట్టేసే తాడు లాగి, ఇంకో డబ్బా వేశాను. ముందుకు పాకి దూలం కట్టు విప్పి, వెనక్కి పాకి, ఇంకోటి. ఉప్పు డబ్బా వేస్తే రాయిలా మునిగిపోయింది. దానిమీద కోపం వచ్చింది నాకు, నవ్వు కూడా వచ్చింది. ఇది వింటే ఆయన ఏమంటారో అనుకున్నాను.

చుక్కాని తిప్పాను. పెద్ద తెరచాప నెత్తిమీద ఫిరంగి పేలినట్టు కొట్టుకుంది. దాని తాడు వదిలేస్తే సగం వచ్చి ఆగింది, మిగతా సగం గుడ్డ పట్టుకుని వేలాడి దించాను. ఇంజను తాళం మీద చెయ్యి వేశాక ఆయన గొంతు వినబడింది, చెవిలో కాదు, వీపు వెనక, తిట్టినట్టు: నీళ్లలో తాళ్లేమైనా వేలాడుతున్నాయా చూశావా? చూశాను. ఒకటి వేలాడుతోంది. నీళ్లలో పడవను నెట్టే పంకాకు చుట్టుకుంటే ఇంజను అక్కడితో సరి. దాన్ని మొత్తం లోపలికి లాగి అప్పుడు తాళం తిప్పాను. వచ్చిన దారికి సరిగ్గా ఎదురు అంకె పట్టుకుని వెనక్కి బయల్దేరాను.

నీలం మూత కనిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత టీపొడి. డబ్బా నుంచి డబ్బాకు వెళ్లాను. ఒక్కోదాన్ని దాటుతున్నప్పుడు దానికి ఏదో చెప్పాలనిపించేది. అంత నీళ్ల మధ్య నా వంటిల్లు వరసగా తేలుతోంది.

జెండా కనిపించగానే ఇక దొరికేశారనుకున్నాను. దగ్గరికి వెళితే చక్రం ఖాళీ. దాని చుట్టూ ఒకసారి తిరిగాను. ఆయన్ని పిలిచాను. పెళ్లయినప్పటినుంచి ఏమండీ అనే పిలిచానేమో, అంత పెద్ద సముద్రంలో ఆ పిలుపు ఎవరికీ చెందనట్టు వినిపించింది. అప్పుడు ఆలోచించాను. చక్రం తేలిక, దాని జెండాకు గాలి పడుతుంది, కాబట్టి అది గాలివాటున నాకు ఎదురు వచ్చేసింది. ఆయన ఇంకా వెనకే ఉండాలి. పిండి డబ్బా ఇంకా కనిపించలేదు కదా, మొదట వేసింది అదే. దాన్ని దాటాక దిండు, ఆయన.

ఎర్ర మూత కనిపించింది. ఇంకొంచెం ముందుకు వెళితే అల మీద నారింజరంగు.

ఆయన దిండును ఛాతీ కింద పెట్టుకుని, పట్టీలోకి ఒక చెయ్యి భుజందాకా దూర్చి ఉన్నారు. ముఖం తెల్లగా, పెదాలు నీలంగా. తాడు చుట్టుకున్న కుడిచేతి వేళ్లు రెండు ఉండాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి ఉన్నాయి. గాలికి ఎదురుగా వచ్చాను, పక్కకు రాకముందే ఇంజను పంకా ఆపాను. పడవ వేగం ఆయన పక్కనే చచ్చిపోయింది. కావాలని చేస్తే రాదేమో అంత చక్కగా.

"పంకా... ఆపావా?" అన్నారు. అది ఆయన మొదటి మాట.

"ఆపానండీ."

పళ్లు కొట్టుకుంటున్నాయి. కాస్త ఊపిరి తీసుకుని, "బాగా తెచ్చావ్" అన్నారు. పడవ గురించి ఆ మాట ఆయన నాతో అనడం అదే మొదలు.

నేను తాడుకు బిగుసుకోని ఉచ్చు ముడి వేసి జారవిడిచాను. ఎడమచేత్తో తల మీదుగా వేసుకుని, రెండో చెయ్యి దూర్చలేకపోతే కొక్కెం కర్రతో సాయం చేశాను. ఉచ్చు చంకల కిందికి వచ్చింది. ఇప్పుడు మునగరు. తాడును గట్టిగా కట్టేశాను. వెనక మెట్ల నిచ్చెన ఉంది, కానీ అలకు పడవ వెనక భాగం లేచి దబ్బున పడుతోంది, దానికిందికి మనిషిని తీసుకెళ్లకూడదని ఆయనే చెప్పేవారు. కాలు ఎత్తి పక్క అంచు మీద పెట్టగలరా అని అడిగాను.

"కాళ్లు ఎక్కడున్నాయో తెలియట్లేదోయ్" అన్నారు. ఎవరో వేరేవాళ్ల వస్తువు గురించి చెప్పినట్టు.

రెండు చేతులతో లాగాను. ఆయన అంగుళం కూడా కదల్లేదు. తడిసిన బట్టలతో ఉన్న మగమనిషి. ఇన్నేళ్లు కొక్కెం కర్రకు తగిలించి ఒక్క విసురుతో లాగిన దిండు బరువు ఎంత? చిన్నపిల్ల తీసి పక్కన పెడుతుంది. అది ఎంత బరువుంటే బాగుండేదో ఆ క్షణంలో తెలిసింది.

పెద్ద తెరచాపను కొయ్య మీదికి ఎత్తే తాడు ఉంది కదా, దాని కొక్కెం తెచ్చి ఉచ్చుకు తగిలించాను. అవతలి కొసను చేతితో తిప్పే వించి మీద చుట్టి, హ్యాండిల్ వేసి తిప్పడం మొదలుపెట్టాను. ఒక తిప్పుకు కొంచెం. ఇంకో తిప్పుకు ఇంకొంచెం. అది పని చేసింది. భుజాలు నీళ్లు దాటాయి, ఛాతీ దాటింది. ఆయన నిట్టనిలువుగా, గోడమీద కోటు తగిలించినట్టు పైకి వస్తున్నారు. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి వాలిపోయి దిండు పట్టీ జారింది. దిండు పడవ పక్కనుంచి మెల్లగా దూరం జరిగింది.

ఆయన తల అటు తిప్పి చూశారు.

"ఇదిగో..." అన్నారు. "నువ్వు పడ్డావ్."

నేను తిప్పుతూనే ఉన్నాను. "తర్వాత తీద్దాం లెండి" అన్నాను. మోకాళ్లు నీళ్లు దాటేసరికి ఆయన తల ముందుకు వాలింది. సొమ్మసిల్లారనుకున్నాను. అంచు దాటించి లోపలికి గుంజి పడుకోబెట్టి, తడిబట్టలు కోసేసి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, ముఖం పట్టుకుని పిలిచాను. ఊపిరి వినడానికి చెవి పెట్టాను. ఆయన నేర్పినట్టే ఛాతీ మీద రెండు చేతులు పెట్టి నొక్కాను, ఊపిరి ఊదాను, మళ్లీ నొక్కాను. ఈ ఒక్క పాఠంలో కూడా ఎప్పుడూ చచ్చిపోయేది నేనే, నొక్కేది ఆయన. చేతులు ఇక నా మాట వినని దాకా నొక్కాను. తర్వాత కూడా కాసేపు నొక్కాను.

ఏదో ఒక సమయంలో ఆపేశాను. పొద్దున తాగిన టీ కప్పు బల్ల మూలన ఒరగకుండా అలాగే ఉంది. డెక్కు మీద చేప మరకలు ఎండిపోయాయి.

ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఎంతసేపో తెలియదు. నా కుడిచెయ్యి చాచి ఉందని, వేలు నీళ్లవైపు చూపిస్తోందని తర్వాత గమనించాను. వేలి చివర దూరంగా నారింజరంగు లేస్తోంది, పడుతోంది. నాకు తెలియకుండానే నా చూపు దానిమీదనుంచి పోలేదు.

లేచి కంచె కొక్కెం వేశాను. నడుము పట్టీ తగిలించుకున్నాను. ఇంజను ఆపేసి పెద్ద తెరచాప ఎత్తాను. అదే తాడు, అదే వించి. చుక్కాని పట్టుకుని పక్కగాలికి వెళ్లి, తిరిగి, దిండును ఒక పక్కన పెట్టుకుని, ముక్కు గాలికి ఎదురుగా తెచ్చి, తెరచాప తాడు వదిలాను. పడవ నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, దిండు దగ్గర ఆగింది. కొక్కెం కర్ర పట్టీలో పడింది. పైకి లాగాను. నీళ్లు విదిలించి ఆయన పక్కన పెట్టాను. ఆ తర్వాత అనాల్సిన మాట ఒకటుంది, అది అనడానికి నోరు రాలేదు.

చేపల పడవ వచ్చేసరికి నేను తీరంవైపు నడుపుతున్నాను. వాళ్లు ముందు వెళుతుంటే వెనక వచ్చాను. లాక్కెళతామన్నారు, వద్దన్నాను.

రేవు ఊరి ఆస్పత్రిలో డాక్టరు చిన్న వయసావిడ, నన్ను అమ్మా అని పిలిచింది. చల్లటి నీళ్లలో అంతసేపు ఉన్న మనిషిని నిలువుగా పైకి తీస్తే, అప్పటిదాకా చుట్టూ అదుముతున్న నీళ్లు లేక, రక్తమంతా ఒక్కసారి కాళ్లలోకి దిగిపోతుందట. గుండెకు తిప్పడానికి ఏమీ మిగలదట. అందుకే వీలైతే రెండు తాళ్లు వెయ్యాలట, ఒకటి చంకల కింద, ఒకటి మోకాళ్ల కింద, పడుకున్న మనిషిని ఎత్తినట్టు. అయినా బతికేవారని చెప్పలేం, మీరు చేసింది ఎవరూ చెయ్యలేరు, ఒక్కరే అంత దూరం వెనక్కి వెళ్లి వెతికి పట్టుకోవడం మాటలు కాదు అంది. మంచి పిల్ల. నేను తలూపాను. ఆయనకు ఇది తెలిసే ఉంటుంది, ఎంతమందిని చూశారో. కానీ మా రిహార్సల్లో ఆ పాఠం రాలేదు. దిండుకి మోకాళ్లు ఉండవు.

వదిన ఫోను చేసింది. సవతి సంగతి అడగలేదు. "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అంది.

మర్నాడు రేవు అధికారి ఆఫీసుకు పిలిచారు. పెద్ద బల్ల, దానిమీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక తుప్పుపట్టిన గొలుసుముక్క, కిటికీలోంచి మా పడవ కొయ్య. మర్యాదగల మనిషి. కుర్చీ ఆయనే లాగి వేశారు. మా పడవ యంత్రంలోంచి తీసిన దారి గీతను తెరమీద చూపించారు. సూటిగా ఒక గీత, అక్కడ తిరుగుడు, వెనక్కి ఇంకో గీత. అది డబ్బాల దారి. చివర ఒక ముడి లాంటిది, అది ఆయన్ని తీసిన చోటు. ఒక్కొక్కటీ అడిగారు, చెప్పాను. బకెట్ గురించి అడిగినప్పుడు, ఏముందండీ అని మొదలుపెట్టి ఆగిపోయాను.

తర్వాత పెన్ను కొసతో తెరమీద ఇంకోచోట చూపించారు. ఆ ముడి పక్కనే, కొంచెం దూరంలో, ఇంకో గుండ్రటి తిరుగుడు. మొదటిదానికన్నా నున్నగా, ఎవరో తీరిగ్గా గీసినట్టు ఉంది.

"ఇది అర్థం కాలేదమ్మా" అన్నారు. "అప్పటికి ఆయన పడవలోకి వచ్చేశారు కదా. మళ్లీ ఎవరి కోసం తిరిగారు? ఇంకెవరైనా పడ్డారా?"

"నేను పడ్డానండీ" అన్నాను.

ఆయన పెన్ను ఆపి నావైపు చూశారు. నాకు మతి చలించిందనుకున్నట్టున్నారు, అనుకోవడంలో తప్పులేదు.

"తీశాను లెండి" అన్నాను. "మొదటిసారికే వచ్చింది."

ఏమీ రాయకుండా ఆ కాగితం పక్కన పెట్టి, మంచినీళ్లు తెప్పించమంటారా అని అడిగారు.